మావయ్య మెటడోర్‌ని క్యాంపర్ చేయాలంటే

ప్రశ్న: మాది ముమ్మిడివరం. యానాంలో ఉండే మా మావయ్య మూడేళ్ల కిందట పోయారు. ఆయన 1973 నాటి మెటడోర్ వ్యాన్ షెడ్డులో ఉంది. సొంత వాడకం బండి. రిజిస్ట్రేషన్ యానాందే, ఆయన పేరునే, గడువు ఎప్పుడో అయిపోయింది. అత్తయ్య నన్ను తీసుకోమంటున్నారు. బాగుచేయించి, పైకప్పు ఎత్తు పెంచి, మంచం, సింకు పెట్టించి క్యాంపర్‌గా మార్చుకుని కుటుంబంతో తిరగాలని ఉంది. వింటేజ్ నంబరు (బాగా పాతకాలపు బండ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్) కూడా వస్తుందంటున్నారు. నిజమేనా?

జవాబు: వింటేజ్ నంబరు, క్యాంపర్ రెండూ ఒకే బండికి కుదరవు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత బండికి ఆ రిజిస్ట్రేషన్ ఇస్తారు గానీ చాసిస్ (బండి అడుగు చట్రం), బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలి. పైకప్పు కోశారంటే ఆ అర్హత పోయినట్టే. ఒకవేళ 20,000 రూపాయలు కట్టి తెచ్చుకున్నా, ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలు బంకుకు, రిపేరుకు తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. పిల్లలతో అంతర్వేది, దిండి తిరగాలనుకునే మీకు అదెందుకు? వదిలేయండి.

ఇక మార్పులు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. మీరితే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అయితే ఆ సెక్షన్ దృష్టిలో మార్పు అంటే బండి మౌలిక స్వరూపాన్ని మార్చే నిర్మాణ మార్పు. తుప్పు పట్టిన రేకు తీసి అదే ఆకారంలో కొత్తది వేయడం రిపేరే. సీట్లు పీకకుండా, ఎప్పుడంటే అప్పుడు బయటికి తీసేయగలిగే మడత మంచం, నీళ్ల డబ్బా, పెట్టెలు పెట్టుకుంటే నా దృష్టిలో ఇబ్బంది లేదు. పైకప్పు పెంచడం, సీట్లు తగ్గించడం, వేరే ఇంజన్ ఎక్కించడం మాత్రం ఆర్టీవో రాతపూర్వక అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దు. రంగు మార్చినా ఆర్సీలో రాయించాలి.

మన ఉప్పుగాలికి చాసిస్ నంబరు చోట తుప్పు పట్టి ఉంటుంది. మెకానిక్ అక్కడ గ్రైండర్ పెట్టకముందే పెన్సిల్ ప్రింట్ (అంకెల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు), ఫొటోలు తీసుకోండి. ఆ అంకెలు చెరిగిపోతే దొంగబండి అన్న అనుమానం మీ మీదకొస్తుంది. ఎంత బాగుచేసినా ఆ బండిని ఎవరూ పాస్ చేయరు.

అసలు చిక్కు కాగితాల్లో ఉంది. మేనల్లుడిగా మీరు వారసులు కారు. మావయ్య వీలునామా రాయకపోతే అత్తయ్యగారు, వాళ్ల పిల్లలు వారసులు. వారసుల ధ్రువపత్రం, పిల్లల అంగీకార పత్రాలతో ముందు ఫారం 31 మీద బండి అత్తయ్యగారి పేరుకు మారాలి. మరణించిన మూడు నెలల్లో చేయాల్సిన పని కాబట్టి ఆలస్యానికి డబ్బు కట్టాల్సి వస్తుంది. తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా యానాంలోనే పూర్తిచేయించండి. 15 ఏళ్లు దాటిన బండిని తుక్కు కింద ఇచ్చేయాలేమోనన్న టెన్షన్ వద్దు. సొంత బండికి ఇక్కడ అలాంటి నిర్బంధం లేదు, ఫిట్‌గా ఉంటే చాలు.

ఆ తర్వాత ఫారం 29, 30 మీద మీ పేరుకు మార్పు, ఫారం 28 మీద ఎన్వోసీ (నిరభ్యంతర పత్రం). యానాం పుదుచ్చేరి కిందిది కాబట్టి ఎదుర్లంక వంతెన దాటి మనవైపు వస్తే రాష్ట్రం మారినట్టే. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఆంధ్రా నంబరు, ఇక్కడి పన్ను తప్పవు. రెన్యువల్, థర్డ్ పార్టీ బీమా లేకుండా ట్రయల్‌కని కూడా రోడ్డు మీద నడపకండి. షెడ్డు నుంచి మెకానిక్ దగ్గరికి వేరే వాహనం మీద ఎక్కించి తీసుకెళ్లండి. బీమా తీసుకునేటప్పుడు లోపల అమర్చినవన్నీ రాతపూర్వకంగా కంపెనీకి చెప్పండి. దాచిపెడితే ప్రమాదం జరిగినప్పుడు మీ బండి నష్టం క్లెయిమ్ తిరస్కరించడానికి అదే సాకవుతుంది.