పాపను చూడబోతున్న మేనల్లుడికి

చిరంజీవి నాయనా,

అమ్మాయీ పాపా క్షేమంగా పర్లాకిమిడి ఇంటికి చేరారని మీ అమ్మ ఫోన్ చేసింది. చాలా సంతోషం. నువ్వు రాయగడలో డ్యూటీలో ఉన్నావట, రెస్టు దొరికినప్పుడల్లా గుణుపురం మీదుగా వెళ్ళి చూసొస్తానన్నావట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నీకు ఉత్తరం రాయాలని ఉంది.

మన వైపు తొలికాన్పు పుట్టింట్లోనే. ఆచారం మంచిదే, బాలింతకు తల్లి దగ్గరున్నంత సుఖం ఎక్కడా ఉండదు. తండ్రికి మాత్రం అందులో చోటు ఉంచలేదు. అల్లుడు వస్తాడు, కోడికూర వండుతారు, పాపను తెచ్చి ఒళ్ళో పెడతారు, ఏడవగానే తీసుకుపోతారు. సాయంత్రం అతను బండెక్కుతాడు. అతను వచ్చిన రోజు ఆ ఇంట్లో పని పెరుగుతుంది. రాత్రంతా మేలుకున్న అమ్మాయికి పగటి నిద్ర కూడా పోతుంది. నువ్వు అలా వెళ్ళకు. వెళ్ళగానే మీ అత్తగారితో చెప్పు: "నా కోసం ఏమీ వండొద్దండీ. ఈ రాత్రి మీరు పడుకోండి, పాపను నేను చూసుకుంటాను." ఆవిడ మొహమాటపడతారు, మీ మామగారు బాగుండదంటారు. అయినా వెనక్కి తగ్గకు.

పాలివ్వడం ఒక్కటే నీవల్ల కాదు, మిగతావన్నీ అవుతాయి. పసిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంది, అందులో రాత్రివేళలే కష్టం. పాపను నువ్వు అందించు. తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమురు, గుడ్డ మార్చు, వెల్లకిలా పడుకోబెట్టు. ఆ కాసేపూ అమ్మాయి మంచం దిగకూడదు. గుడ్డలు మారుస్తుంటే పాప ఆరోగ్యం నీకే తెలుస్తుంది. మొదటి రెండు మూడు రోజులు నల్లగా జిగటగా వెళ్ళి, తర్వాత పసుపురంగుకు తిరుగుతుంది. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. మొదటి వారం బరువు కొంచెం తగ్గి, రెండు వారాలకల్లా మళ్ళీ వస్తుంది. అది చూసి ఎవరైనా డబ్బాపాలు పట్టమంటే టెన్షన్ పడకు, ముందు బరువు తూయించు.

ఇక పెద్దవాళ్ళ సంగతి. తేనె నాకిస్తారు, మంచినీళ్ళు పడతారు, కళ్ళకు కాటుక పెడతారు, బొడ్డుకు పసుపు రాస్తారు. అంతా ప్రేమతోనే చేస్తారు, కానీ ఏదీ వద్దు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా అక్కర్లేదు. బొడ్డును పొడిగా వదిలేస్తే వారం పది రోజుల్లో దానంతటదే రాలుతుంది. బాలింతకు నీళ్ళు తగ్గించి, పథ్యం పేరుతో ఉత్త కారపన్నం పెడుతుంటే అదీ ఆపించు. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్, కాల్షియం మాత్రలు ఆరు నెలలు వేసుకునేలా చూడు. తల్లికి ఎదురు చెప్పడం అమ్మాయికి కష్టం. "డాక్టరు గారు వద్దన్నారండీ" అని మెల్లగా చెప్పాల్సింది నువ్వే.

అన్నిటికంటే నాకు భయం కుంపటి. చలికని తలుపులు మూసి బాలింత గదిలో బొగ్గులు పెడితే, ఆ విషవాయువు వాసన కూడా రాకుండా ప్రాణం తీస్తుంది. దాని బదులు చొక్కా విప్పి పాపను నీ గుండెకు ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకో. నెల తక్కువ పిల్లలకు ఆసుపత్రుల్లో చేయించే కంగారూ పద్ధతి ఇదే, తండ్రి కూడా చేయొచ్చు. అలా ఉన్నప్పుడు నీకు నిద్ర వస్తుంటే మాత్రం పాపను పక్కమీదకు మార్చేయి. గజపతి, రాయగడ జిల్లాల్లో మలేరియా ఉంది కాబట్టి పగలూ రాత్రీ దోమతెర కట్టండి.

పాలు తాగడం మానేసినా, ఒళ్ళు 100.4 డిగ్రీలు దాటినా, చల్లబడినా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా తెల్లారేదాకా ఆగొద్దు. 102 అంబులెన్సుకు ఫోన్ చేయండి. కామెర్లకు పసరు పోయిస్తామంటే ఒప్పుకోకు.

అమ్మాయి ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే కోప్పడకు. మొదటి వారాల్లో చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించు. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన 14416 నంబరుకు ఫోన్ చేసినా ఉచితంగా మాట్లాడతారు.

నీది రైల్వే ఉద్యోగం కాబట్టి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. పాప పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవాలి. బారసాల సందడిలో దాన్ని ఖర్చు చేయకు, అప్పుడు ఇంటినిండా జనమే. చుట్టాలంతా వెళ్ళిపోయాక తీసుకో. ఆరోవారం దగ్గర్లో పిల్లల ఏడుపు బాగా పెరుగుతుంది. ఆ రోజుల్లో నువ్వు అక్కడుంటే మేలు. ఆరు వారాల టీకాలకు కూడా నువ్వే ఎత్తుకెళ్ళొచ్చు. ఎంత ఏడ్చినా పాపను కుదపొద్దు. నీకు విసుగొస్తే మీ అత్తగారి చేతికిచ్చి కాసేపు వీధిలోకి వెళ్ళిరా.

జనన నమోదుకు గడువు 21 రోజులు, అంటే బారసాల లోపలే. పేరు ఇంకా పెట్టలేదని ఆగకు, పేరు ఏడాదిలోపు ఎక్కించుకోవచ్చు. ఆసుపత్రి నుంచి వెళ్ళిన కాగితంలో మీ ఇద్దరి పేర్లు ఎలా రాశారో మాత్రం చూసుకో. ఇక్కడ ఒడిశాలో ఇంటిపేరు చివర రాస్తారు, మనం ముందు రాసుకుంటాం. నీ సర్వీసు రికార్డులో, ఆధార్‌లో ఎలా ఉందో అలాగే ఉండాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడిలో చేర్చడం దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా ఆ సర్టిఫికెట్టే ఆధారం.

బారసాలకు మీ అత్తయ్యా నేనూ బరంపురం నుంచి ముందురోజే వస్తాం. ఉయ్యాల కొనకు, మా పిల్లలు పడుకున్నది గట్టిగానే ఉంది, రంగు వేయించి తెస్తున్నాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య