మీరు అడిగారు: బోటు వదిలి కదలని నాన్నని ఎలా కదిలించాలి?

ప్రశ్న: నమస్తే అండి. మాది బాపట్ల జిల్లాలో సముద్రం పక్కనే ఉన్న ఊరు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను మా దగ్గరే తీరం దాటింది కదా, అప్పుడు ముందే ఫోన్లకి మెసేజ్‌లు వచ్చాయి, వీఆర్వో గారొచ్చి చెప్పారు, మైకులో కూడా చెప్పారు, అయినా మా నాన్న, బాబాయిలు బోటు దగ్గరే ఉండిపోయారు, వాళ్ళని వదిలి అమ్మ రానంది. ఇంక హెచ్చరికలు ఎన్నొస్తే ఏం లాభం? కుర్రాళ్ళం కొంతమందిమి ఉన్నాం, మేమేమైనా చేయగలమా?

జవాబు: తమ్ముడూ, మీ నాన్నగారిది మొండితనం అనుకోకు. బోటు, ఇంజను, వలలు కలిపితే లక్షల్లో ఉంటుంది, అందులో అప్పు ఎంతుందో మీ ఇంట్లో నీకే తెలుసు, అది కొట్టుకుపోతే రేపు వేటకెళ్ళేది ఎట్లా అన్నదే ఆయన భయం. కాబట్టి మనుషులు కదలాలంటే ముందు బోటు కదలాలి. ఇది ఆఫీసర్లు చేసే పని కాదు, ఊరే చేసుకోవాలి.

మనకి తుఫాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఇంకా వేసవి చివర్లో. సెప్టెంబర్‌లోనే పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడండి. ఏ బోటు ఏ కాలవలోకి పోవాలి, ఒడ్డు మీద ఉండేవాటిని ఎవరి ట్రాక్టర్‌తో ఎంత పైకి లాగాలి, డీజిల్ డబ్బులు ఎవరు పెట్టుకోవాలి, ఊడదీసిన ఇంజన్లు, వలలు ఏ డాబా మీద పెట్టాలి, అన్నీ పేర్లతో సహా రాసుకోండి. వాయుగుండం తుఫానుగా మారుతుందన్న కబురు రాగానే ఆ పని మొదలైపోవాలి, గాలి మొదలయ్యాక తాడు కూడా ముడి పడదు. బోటు రిజిస్ట్రేషన్ నంబరు కనపడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి, తర్వాత నష్టపరిహారం రాసేటప్పుడు పనికొస్తాయి. మీ కుర్రాళ్ళు ఇళ్ళు పంచుకోండి, ముసలివాళ్ళు, నెలలు నిండినవాళ్ళు, నడవలేనివాళ్ళు ఉన్న ఇంటికి ఇద్దరు చొప్పున.

ఇంకోటి, "మొన్నటి తుఫానుకి మనకేం కాలేదుగా" అంటారు చూడు, అదే చాలా ప్రమాదం. మన తీరంలో తుఫాను గాలి సుడి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది, అందుకని తుఫాను తీరం దాటిన చోటుకి ఉత్తరం వైపు ఊళ్ళ మీదకి గాలి సముద్రాన్ని తోసేస్తుంది, దక్షిణం వైపు గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి కొడుతుంది. కొద్ది దూరం అటూ ఇటూ అయితే చాలు, ఒక ఊరు బతుకుతుంది, పక్క ఊరు మునుగుతుంది. పైగా అమావాస్య, పౌర్ణమి పోటు కలిసిందంటే నీళ్ళు ఇంకా లేస్తాయి. 1977 నవంబర్ 19న దివిసీమ మీద పడిన ఉప్పెన దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చింది, ప్రభుత్వ లెక్కలోనే 10 వేలకి దగ్గరగా చనిపోయారు. ఇంకా ఒక మాట, తుఫాను నడిమధ్య ఉండే కన్ను ఊరి మీదుగా పోయేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, అయిపోయిందనుకుని బోటు చూసుకోవడానికి పరిగెత్తొద్దని మీ నాన్నకి గట్టిగా చెప్పు, కాసేపటికి గాలి అటువైపు నుంచి తిరిగి కొడుతుంది.

ఒడిశా గంజాం జిల్లాలో వెంకట్రాయిపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలో నోలియాసాహి అని రెండు మత్స్యకారుల ఊళ్ళున్నాయి. నోలియాలంటే మనవైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ తెలుగు మూలాల మత్స్యకారులే. 2020లో యునెస్కో వాళ్ళు ఆ రెండు ఊళ్ళకీ "సునామీ రెడీ" గుర్తింపు ఇచ్చారు. ఎటు పరిగెత్తాలో మ్యాపు గీసుకుని, దారుల్లో బోర్డులు పెట్టుకుని, ఊరంతా కలిసి రిహార్సల్ చేసిన ఊళ్ళకే ఆ గుర్తింపు. మీ ఊరు చేయలేనిది అందులో ఒక్కటీ లేదు.

ప్రశ్న: మేడమ్, నేను డ్వాక్రా గ్రూపు లీడర్ని, మాది కోనసీమ. షెల్టర్‌కి రమ్మంటే మా ఆడవాళ్ళు రారు. బాత్రూములుండవు, అందరూ ఒకే హాల్లో. ఎలా?

జవాబు: వాళ్ళు చెప్పేది నిజమే అమ్మా, దాన్ని సాకు అని కొట్టిపారేయొద్దు. బంగ్లాదేశ్‌లో 1991 తుఫానులో ఆడవాళ్ళే ఎక్కువమంది చనిపోయారు, ఇల్లు వదలడానికి వెనకాడటం కూడా దానికో కారణం. అక్కడ 1970 తుఫానులో 3 లక్షల మందికి పైగా పోయాక ఊరూరా వాలంటీర్ల దళం పెట్టుకున్నారు, ఇప్పుడు అందులో దాదాపు సగం మంది ఆడవాళ్ళే, ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడేది వాళ్ళే. మీ గ్రూపు ఆ పని చేయొచ్చు. సీజన్‌కి ముందే షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి, లోపలికెళ్ళి నీళ్ళు, లైటు, గడియలు చూడండి, ఆడవాళ్ళకి వేరే గది కావాలని అర్జీ పెట్టండి. పసిపిల్లల పాలు, ప్యాడ్లు, బీపీ షుగరు మందులు ఒక సంచిలో, ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్ ప్లాస్టిక్ కవర్లో. ఆవులు గేదెలుంటే పలుపులు విప్పేసి మెరక మీదకి తోలండి, కట్టేసి ఉంచితే నిలబడినచోటే మునిగిపోతాయి.

ప్రశ్న: మడ మొక్కలు నాటితే ఉప్పెన ఆగుతుందా మేడమ్? కాకినాడ దగ్గర ఉప్పాడలో రాళ్ళేసినా సముద్రం కోత ఆగట్లేదు కదా.

జవాబు: పూర్తిగా ఆగదు, జోరు తగ్గుతుంది. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపడా జిల్లాలో చూస్తే మడ అడవి దట్టంగా ఉన్న ఊళ్ళలో చావులు తక్కువ, కానీ అంతకంటే ఎక్కువమందిని కాపాడింది ముందస్తు హెచ్చరికే. మడ బురదనేలలో, పోటునీళ్ళు వచ్చి పోయే క్రీకుల్లో పెరుగుతుంది, అలలు కొట్టే ఇసుక ఒడ్డున నాటితే మర్నాటికి ఉండదు. మొక్కలు నాటేస్తే సరిపోదు కూడా, నీళ్ళు గుంటల్లో నిలిచి ఎండితే ఉప్పు పేరుకుని చచ్చిపోతాయి. అందుకే కృష్ణా, గోదావరి డెల్టాల్లో చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి పోటునీళ్ళు లోపలికి వెళ్ళి వచ్చేలా చేశారు, ఆ పనిలో ఊళ్ళవాళ్ళని కమిటీలుగా కలుపుకున్నారు. ఇసుక ఒడ్డుకి సరుగుడు తోటలు, దిబ్బలే రక్ష. రాళ్ళ గోడ దాని వెనకున్నదాన్ని కొంతకాలం కాపాడుతుంది గానీ కోత పక్క ఊరికి జరుగుతుంది. మీ ఊరి దిబ్బల్ని తవ్వి ఎవరైనా ఇసుక ట్రాక్టర్లకెత్తుతుంటే మొక్కల కార్యక్రమం కంటే ముందు దాన్ని ఆపించండి, గ్రామసభలో తీర్మానం రాయించండి.