'మ' దగ్గర ఆగిపోయిన మనిషి

అమ్మా,

అమెరికన్ నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఎంత కష్టపడ్డావో తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేరాలోనే అవార్డులన్నీ వరసపెట్టేశావు. 1969లో అమెరికా నాటకరంగానికిచ్చే టోనీ, 1987లో మళ్ళీ టోనీ, 2011లో గౌరవ ఆస్కార్. మూడో పేరాకి వచ్చేసరికి నాకు మనిషి కనిపించడం మానేశాడు. ఆయనంటే నీకున్న ఇష్టం ఫోన్లో వినిపించింది గానీ కాగితం మీదకి రాలేదు.

మొదట్లో నేనూ ఇలాగే రాశాను. ఒక రంగస్థల నటుడు పోయినప్పుడు నివాళి రాస్తే, వాళ్ళావిడ ఫోన్ చేశారు. "నాటకాల పేర్లన్నీ సరిగ్గానే ఉన్నాయండీ, స్టేజీ ఎక్కే ముందు ఆయన చేతులు ఎలా వణికేవో మాత్రం ఎవరూ రాయలేదు" అన్నారు. ఆ మాట ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు.

జోన్స్ 1931లో మిసిసిపీలో పుట్టాడు. అమ్మమ్మా తాతయ్యా పెంచారు. ఐదేళ్ళప్పుడు వాళ్ళతో మిషిగన్ వెళ్ళాక నత్తి మొదలై, దాదాపు ఎనిమిదేళ్ళు నోరు విప్పడమే మానేశాడు. ఇంత సంగతిని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడే కూర్చోవాలి నువ్వు. హైస్కూల్లో ఉన్నప్పుడు ఆయన గ్రేప్‌ఫ్రూట్ మీద ఒక కవిత రాశాడు. మన పంపరపనసకి చుట్టం ఆ పండు. డొనాల్డ్ క్రౌచ్ అనే మాస్టారు అది చదివి, నిజంగా నువ్వే రాసుంటే క్లాసు ముందు నిలబడి చూడకుండా చెప్పమన్నారు. కుర్రాడు అప్పజెప్పాడు. ఎక్కడా తడబడలేదు.

దాంతో నత్తి పోయిందని రాశావు. పోలేదమ్మా, జీవితాంతం ఆయనతోనే ఉంది. 1958లో న్యూయార్క్ నాటకశాలల పేట బ్రాడ్‌వేలో, కోర్ట్ థియేటర్‌లో 'సన్‌రైజ్ ఎట్ కాంపొబెల్లో' ఆడుతున్నప్పుడు ఆయనది తర్వాత అమెరికా అధ్యక్షుడైన రూజ్‌వెల్ట్ ఇంట్లో నౌకరు వేషం. భోజనం సిద్ధంగా ఉందని మిసెస్ రూజ్‌వెల్ట్‌కి చెప్పాలి. ఆ 'మ' దగ్గర ఓ రాత్రి ఆగిపోయాడు. ఎదురుగా జనం, నోట్లో అక్షరం కదలదు. అదే థియేటర్‌కి 2022లో ఆయన పేరు పెట్టారు. ఈ థియేటర్ పేరు నీ వ్యాసంలో రెండుచోట్ల ఉంది, ఆరు పేజీల ఎడంతో. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడు. మధ్యలో నువ్వేమీ వివరించక్కర్లేదు.

'స్టార్ వార్స్' సినిమాల్లో ముసుగు విలన్ డార్త్ వేడర్‌కి రెండు పేజీలు ఎక్కువ. ముసుగు లోపల మనిషి డేవిడ్ ప్రౌస్, గొంతు జోన్స్‌ది, 1977 సినిమాకి ఆయన తీసుకున్నది 7,000 డాలర్లు, మొదటి రెండు సినిమాల్లో తన పేరు వెయ్యొద్దన్నాడు. ఇంతవరకు చాలు.

మిగిలిన చోటు నాటకాలకి ఇవ్వు. 'ఫెన్సెస్' నాటకంలో "అద్భుతంగా నటించాడు" అని రాశావు. 1987 నాటి ఆ ప్రదర్శన నువ్వు చూశావా? నేనూ చూడలేదు. చూడనిదాన్ని పొగిడితే పాఠకుడు ఇట్టే పట్టేస్తాడు. నాటకం పుస్తకంగా దొరుకుతుంది, తెప్పించుకో. కొడుకు తండ్రిని నేనంటే నీకెందుకు ఇష్టం లేదని అడిగే చోటు వెతుకు. చెత్త ఎత్తే పని చేసే ఆ తండ్రి ఇష్టం మాటెత్తకుండా బాధ్యత గురించి చెబుతాడు. తలుపేసుకుని ఆ సీను పైకి చదువు. ఎక్కడ ఊపిరి అందలేదో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. ఆ గీతల గురించి రాయి, ఎందుకంటే అది నీకు తెలిసిన సంగతి. 'ద గ్రేట్ వైట్ హోప్' నాటకం విషయంలో నీకు కాస్త వెసులుబాటు ఉంది. 1967లో వాషింగ్టన్‌లోని ఎరీనా స్టేజ్‌లో మొదలై మరుసటేడు బ్రాడ్‌వేకి వెళ్ళిన ఆ బాక్సర్ పాత్రని ఆయనే 1970లో సినిమాలోనూ వేశాడు. అది చూడొచ్చు.

'లయన్ కింగ్' తెలుగులో చూశానన్నావు. అందులో సింహరాజు ముఫాసా గొంతు ఆయనది కాదు. 1994 ఇంగ్లిష్‌ది, 2019 ఇంగ్లిష్‌ది రెండూ విను, రెండింట్లోనూ ఆయనే. మధ్యలో పాతికేళ్ళు గడిచాయి. కళ్ళు మూసుకుని విను, వయసు ఏ మాట దగ్గర వినిపించిందో రాసి పెట్టుకో.

వచ్చే నెలాఖరుకి కొత్త ప్రతి పంపు. పాతది చింపకు. దాంట్లో గ్రేప్‌ఫ్రూట్ గురించి నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యం బాగుంది, అది నాకు మళ్ళీ కనిపించాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు