అమెరికాలో అంత పెద్ద కంపెనీ అయిన ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఎందుకు ఆపేసింది?

నేను ఉండేది ఫోర్డ్ ప్రధాన కార్యాలయమున్న డియర్‌బోర్న్‌కు అరగంట దూరంలో. ఫోర్డ్ ఉద్యోగిని మాత్రం కాను. 2021 సెప్టెంబరులో ఆ ప్రకటన వెలువడగానే గుంటూరు నుంచి నాన్న ఫోన్ చేశారు. "వాళ్ల ఊరి పక్కనే ఉన్నావుగా, నా ఫిగోకు ఇకమీద విడిభాగాలు ఎవరిస్తారో కనుక్కో" అన్నారు. అవి దొరుకుతాయని కంపెనీ చెప్పిందని సర్దిచెప్పాను.

ఎందుకు ఆపారన్నదానికి జవాబు అంతకు కొన్ని నెలల ముందే, ఇక్కడ కారు కొనడానికి వెళ్లినప్పుడు నా కళ్లబడింది. ఫిగో లాంటి చిన్న బండి ఉంటే చాలనుకున్నాను. ఫోర్డ్ షోరూము ఆవరణంతా ఎఫ్-150 పికప్పులే (వెనక సామాన్ల తొట్టి ఉండే పెద్ద బళ్లు, ఫోర్డ్ ఎఫ్-సిరీస్‌లోవి), మిగిలినచోట ఎస్‌యూవీలు. ముస్టాంగ్ అనే స్పోర్ట్స్ కారు తప్ప మామూలు కార్లన్నిటినీ ఉత్తర అమెరికాలో క్రమంగా ఆపేస్తామని ఫోర్డ్ 2018లోనే చెప్పింది. ఒక మూల ఎకోస్పోర్ట్ అనే చిన్న ఎస్‌యూవీ కనిపించింది. అద్దానికి అంటించిన కాగితం చదివితే, అది తయారైన చోటు చెన్నై!

మన వైపు ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించేది. ఇక్కడ ట్రక్కు అంటే ఈ పికప్పే. 1977 నుంచి అమెరికాలో పికప్పుల అమ్మకాల్లో ఫోర్డ్ ఎఫ్-సిరీస్‌దే మొదటి స్థానం. దానికో రక్షణ గోడ కూడా ఉంది, అదీ కోళ్ల పుణ్యమా అని. అమెరికా కోడిమాంసంపై ఐరోపా దేశాలు సుంకం పెంచితే, బదులుగా 1964లో అమెరికా దిగుమతి పికప్పులపై, వ్యాన్లపై 25 శాతం సుంకం వేసింది. కోళ్ల తగాదాను జనం మరిచిపోయారు, సుంకం మిగిలింది. విచిత్రమేమిటంటే ఒకసారి ఫోర్డే దానికి చిక్కింది. టర్కీలో తయారైన వ్యాన్లను వెనక సీట్లు బిగించి, తక్కువ సుంకం పడే ప్రయాణికుల వాహనాలుగా ఓడల్లో దించి, ఆ తర్వాత సీట్లు పీకేసేవారు. ఆ వివాదం తేల్చుకోవడానికి 2024లో 36.5 కోట్ల డాలర్లు కట్టింది.

మన దేశంలో ఫోర్డ్‌ను కాపాడే ఇలాంటి గోడా లేదు, పికప్పు మోజూ లేదు. నాలుగు మీటర్లలోపు బండికే పన్ను తక్కువ, లాభమూ తక్కువే. అక్కడ మారుతి, హ్యుందాయ్ పాతుకుపోయాయి. 1995లో మహీంద్రాతో కలిసి వచ్చిన ఫోర్డ్, ఐకాన్, ఫిగో, ఎకోస్పోర్ట్‌లతో మంచి పేరే తెచ్చుకుంది. కానీ పేరు వేరు, లెక్క వేరు. చివరి పదేళ్లలో నష్టం 200 కోట్ల డాలర్లు దాటింది. 2015లో గుజరాత్‌లో మొదలైన సానంద్ కర్మాగారం చివరికి 725.7 కోట్ల రూపాయలకు టాటాల చేతికి వెళ్లింది.

డబ్బు ఎక్కడ వస్తుందో 2023 లెక్కలు చూస్తే తెలుస్తుంది. వ్యాపార సంస్థలకు వ్యాన్లు, ట్రక్కులు అమ్మే ఫోర్డ్ ప్రో విభాగానికి వడ్డీ, పన్నులకు ముందు 720 కోట్ల డాలర్ల లాభం. విద్యుత్ వాహనాల విభాగానికి 470 కోట్ల నష్టం. చిన్న కార్ల మీద మమకారం ఎందుకుంటుంది?

నాన్న మా ఇంటికి వచ్చినప్పుడు పక్కింటివారి ఎఫ్-150 చుట్టూ తిరిగి, పొడవును అడుగులేసి కొలిచారు. 19 అడుగులు తేలింది. "బ్రాడీపేటలో మన సందు మలుపు తిరగదురా ఇది" అని లోపలికి వచ్చేశారు. ఆయన ఫిగో ఇంకా నడుస్తూనే ఉంది.