కెరోటిడ్ డాప్లర్‌లో కోణం 60 డిగ్రీలు ఎందుకు దాటకూడదు?

కెరోటిడ్ డాప్లర్ అంటే మెడలోని కెరోటిడ్ ధమనుల్లో రక్తవేగాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచే పరీక్ష. ఇక్కడ కోణం అంటే అల్ట్రాసౌండ్ బీమ్‌కు, రక్తప్రవాహానికి మధ్య ఉండే కోణం. 60 డిగ్రీలు దాటాక కోణంలో చిన్న పొరపాటు జరిగినా రక్తవేగం బాగా తప్పుగా వస్తుంది, అందుకే వాస్క్యులర్ (రక్తనాళాల) అల్ట్రాసౌండ్ శిక్షణలో ఈ హద్దును అంత గట్టిగా నేర్పుతారు. మెషీన్ డాప్లర్ షిఫ్ట్‌ను (కదిలే రక్తం నుంచి తిరిగొచ్చే ధ్వని ఫ్రీక్వెన్సీలో మార్పును) కోణపు కొసైన్‌తో భాగించి వేగం లెక్కగడుతుంది. 90కి దగ్గరయ్యేకొద్దీ కొసైన్ సున్నా వైపు జారుతుంది.

అసలు వేగం సెకనుకు 100 సెం.మీ. అనుకోండి. కోణం 60 ఉన్నచోట 65 అని పెడితే 118 వస్తుంది. 70 ఉన్నచోట 75 పెడితే ఏకంగా 132! మెదడుకు రక్తం తీసుకెళ్లే ఇంటర్నల్ కెరోటిడ్‌లో వేగం 125 దాటితే 50 శాతానికి పైగా సన్నబడిందని అనుమానిస్తారు, అంటే బాగున్న ధమనికి జబ్బు అంటగట్టినట్టే.

మెషీన్ మీది యాంగిల్ కరెక్ట్ నాబ్ తిప్పితే స్క్రీన్ మీద ఒక గీత తిరుగుతుంది, దాంతో కోణమే మారుతుందని చాలామంది అనుకుంటారు. మారదు. ఆ గీత మెషీన్‌కు కోణం ఎంతో చెబుతుందంతే, కాబట్టి దాన్ని రక్తప్రవాహానికి సమాంతరంగా పెట్టాలి. కోణం నిజంగా తగ్గాలంటే బీమ్‌ను స్టీర్ చేయాలి (దాని దిశ మార్చాలి), లేదా ప్రోబ్‌ను ఒక చివర మెల్లగా నొక్కి వాల్చాలి.