అమ్మాయిని విశాఖ పంపడం తర్వాత, ముందు మీరు ఆ బడికి వెళ్లండి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నేను పుట్టింది టెక్కలి దగ్గర పల్లెలో. పెళ్లయిన దగ్గర్నుంచి పదిహేడేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. మా ఆయనకి చిన్న బట్టల కొట్టు. మాకు ఒక్కతే అమ్మాయి. ప్రభుత్వ హైస్కూల్లో ఒడియా మీడియంలో తొమ్మిదో తరగతి పూర్తి చేస్తోంది. బాగా చదువుతుంది. ఎనిమిదిలో ఏదో పరీక్ష రాస్తే స్కాలర్‌షిప్ కూడా వస్తోంది. ఈ ఏడాది ఏదో సైన్స్ మోడల్ చేసి జిల్లా దాకా వెళ్లొచ్చింది. మొన్న స్కూల్ వార్షికోత్సవంలో ఉత్తమ విద్యార్థిని అని మెడల్ ఇచ్చారు. మెడల్ వచ్చిన పిల్లల తల్లుల్ని స్టేజీ మీదికి పిలిచారట. మాకు చెప్పనే లేదు. పక్కింటివాళ్లు ఫోన్లో వీడియో చూపిస్తే తెలిసింది. అందులో మా అమ్మాయి పక్కన తన స్నేహితురాలి తల్లి నిలబడి ఉంది. మా పిల్ల ఆవిణ్ని ‘మౌసీ, మౌసీ’ (పిన్నీ, పిన్నీ) అంటూ చెయ్యి వదల్లేదు. ఆవిడేమో సొంత కూతురిలా తల నిమురుతోంది. ఎందుకు చెప్పలేదే అని అడిగితే, “నువ్వొచ్చి ఏం చేస్తావమ్మా, నీకు ఒడియా రాదుగా, అందరూ నవ్వుతారు” అంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆ స్కూల్ వల్లే పిల్ల మాకు కాకుండా పోతోందనిపిస్తోంది. తెలుగు కూడబలుక్కుంటూ చదువుతుంది. విశాఖలో ఉన్న మా బావగారు, పదో తరగతికి అక్కడ హాస్టల్ ఉన్న ప్రైవేటు స్కూల్లో వేద్దాం, సగం ఖర్చు నేను పెట్టుకుంటాను అంటున్నారు. మా ఆయన నీ ఇష్టం అంటున్నారు. పంపమంటారా?

జవాబు: అమ్మా, విశాఖ సంగతి ముందే తేల్చేస్తాను. పంపకండి.

కటక్ బోర్డు పదో తరగతి పరీక్షకి పేర్ల రిజిస్ట్రేషన్ తొమ్మిదిలోనే అయిపోతుంది. లెక్కలూ సైన్సూ మొదట్నుంచీ ఒడియాలో చదువుకున్న పిల్లని, తీరా పదో తరగతిలో ఊరూ భాషా పుస్తకాలూ అన్నీ మార్చి పరీక్షకి కూర్చోబెట్టడం అన్యాయం. పైగా మీరు ‘ఏదో పరీక్ష’ అని రాశారే, ఎనిమిదో తరగతిలో రాసి స్కాలర్‌షిప్ తెచ్చుకునేది జాతీయ ఉపకార వేతన ప్రతిభా పరీక్ష, ఎన్ఎంఎంఎస్ అంటారు. ఏడాదికి 12,000 రూపాయల చొప్పున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఇస్తారు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకే ఇస్తారు. ప్రైవేటు స్కూల్లో చేర్చిన మర్నాటి నుంచి పిల్ల సొంతంగా సంపాదించుకున్న ఆ డబ్బు ఆగిపోతుంది. ఇంకోటి. ఆంధ్రలో ఇంజినీరింగ్ లాంటి సీట్లకి చదువు లెక్కన లోకల్ అనిపించుకోవాలంటే, ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. పదిలో వెళ్తే ఇంటర్ అయ్యేసరికి మూడేళ్లే అవుతాయి. అక్కడ లోకల్ కాలేదు, ఇక్కడ చేతిలో ఉన్నది పోయింది. రెంటికీ చెడ్డ రేవడి అయిపోతుంది. ఇంక ఈ ప్రశ్న పక్కన పెట్టేయండి.

మీరు అడగనిది మాట్లాడదాం.

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. కూతురు చేసిన మోడల్ ఏమిటో మీరు రాయలేదు. రాసిన పరీక్ష పేరు రాయలేదు. కానీ స్టేజీ మీద ఆవిడెవరో తల నిమరడం, మీ పిల్ల ఆవిడ చెయ్యి వదలకపోవడం కళ్లకు కట్టినట్టు రాశారు. మిమ్మల్ని నిద్ర పోనివ్వనిది స్కూలూ కాదు, ఒడియా మీడియమూ కాదు. మీరు నిలబడాల్సిన చోట ఇంకో అమ్మ నిలబడింది. ఆ కోపం తీర్చుకోవడానికి మీ ముందున్నది ఒకే దారి అనుకుంటున్నారు. ఆ చోటే లేకుండా పిల్లని తీసుకుపోయి విశాఖలో పెట్టేయడం. మీకు తెలియకుండానే మీరు చేయబోతున్నది ఇదే. కఠినంగా ఉన్నా చెప్పక తప్పదు.

పర్లాకిమిడి నాకు తెలుసు. అక్కడ ఒడియా రాకుండా ఒక ఆడమనిషి జీవితం వెళ్లదీయొచ్చు. కూరగాయల బజారు, కిరాణా కొట్టు, ఆటో, గుడి, అన్నీ తెలుగులోనే నడుస్తాయి. అక్కడి ఒడియా వాళ్లలోనూ చాలామందికి తెలుగొచ్చు. నది దాటితే పాతపట్నం, మన శ్రీకాకుళం జిల్లాయే. మీకు ఒడియా అవసరం పడలేదు, నేర్చుకోలేదు, అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ మీ అమ్మాయికి ఆ బడి గేటు దగ్గర ఇంకో ప్రపంచం మొదలవుతుంది. పొద్దున్నే లైన్లో నిలబడి పాడే ప్రార్థన దగ్గర్నుంచి స్నేహితురాళ్లతో పోట్లాట దాకా అంతా ఒడియాలోనే. ఆ ప్రపంచంలోకి మీరు ఎన్నిసార్లు వెళ్లారు? ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎవరు పెడతారు? మీ ఆయన కొట్లో గల్లాపెట్టె మీద పెట్టి గీకి పంపించేస్తుంటారు, అవునా? కొట్లో కస్టమర్లతో ఒడియా కూడా మాట్లాడే మనిషి కూతురి కోసం ఒక్క గంట కొట్టు మూసి బడికి వెళ్లలేకపోయారు. ‘నీ ఇష్టం’ అని తప్పుకోవడం మానేయమని నా మాటగా ఆయనకి చెప్పండి. ఆయన సంగతి అంతే. నాకు కావాల్సింది మీరూ మీ అమ్మాయీ.

వినాయక చవితికి, సరస్వతీ పూజకి అక్కడి బడుల్లో ఎంత హడావిడి ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. పిల్లలే చందాలు పోగేస్తారు, రంగు కాగితాలు కత్తిరించి గదులు అలంకరిస్తారు, ప్రసాదాలు వడ్డిస్తారు. సరస్వతీ పూజకి పెద్ద క్లాసుల ఆడపిల్లలు చీరలు కట్టుకుని వెళ్తారు. మీ అమ్మాయి ఎవరి చీర కట్టుకుని వెళ్లింది? మీ బీరువాలోదే కదా. కుచ్చిళ్లు పెట్టి పిన్నులు గుచ్చింది కూడా మీరే అయ్యుంటారు. మీ చీర ఆ బడికి వెళ్లొచ్చింది, మీరు వెళ్లలేదు.

పిల్ల అన్న మాట తప్పే. తల్లిని నీకు భాష రాదు, రావద్దు అనడం ఏ ఇంట్లోనూ సహించాల్సిన విషయం కాదు. చదువులో ఫస్టు వస్తోంది కదా అని ఇలాంటి మాట వదిలేస్తే, రేపు పెద్ద ఉద్యోగం వచ్చాక ఇంటికి వచ్చిన వాళ్ల ముందు మిమ్మల్ని వంటగదిలోంచి బయటికి రావద్దంటుంది. అలా అయిన ఇళ్లు నేను చూశాను. కానీ ఆ మాటనే ఇంకోసారి చూడండి. ‘అందరూ నవ్వుతారు’ అంది. మీకు అందులో సిగ్గే వినిపించింది. నాకు భయం కూడా వినిపిస్తోంది. తన తల్లిని చూసి నలుగురూ నవ్వితే తట్టుకోలేని పిల్ల ఆ మాట అంటుంది. పద్నాలుగేళ్ల పిల్లకి ఆ రెండూ కలిసే ఉంటాయి, విడదీసి చెప్పడం దానికి రాదు.

ఆ భయం పోగొట్టాల్సింది మీరే. అది తిడితే పోదు, ఏడిస్తే అసలే పోదు. మీరు ఆ గేటు లోపలికి వెళ్లి, తల ఎత్తుకుని నిలబడి, తిరిగి వస్తే పోతుంది. భాష రానంత మాత్రాన తల్లి తల్లి కాకుండా పోదు. మీకు గౌరవం ఇవ్వాలా వద్దా అన్నది మీ ఒడియా మీద ఆధారపడి లేదు. ఈ ఒక్క మాట మీకు గట్టిగా ఉంటే పిల్లకీ అంటుకుంటుంది. వెళ్లేటప్పుడు మీ ఇంట్లో పండక్కి కట్టుకునే చీరే కట్టుకోండి, ఆవిడలాగా తయారవ్వాలని చూడకండి. క్లాస్ టీచరుకి నమస్కారం పెట్టి, నేను ఫలానా అమ్మాయి తల్లిని అని వచ్చిన భాషలో చెప్పండి. వచ్చీ రాని ఒడియా రెండు ముక్కలు వస్తే అవీ మాట్లాడండి. పర్లాకిమిడి బడిలో తెలుగు ముక్క అర్థం కాని టీచరు ఉండడం కష్టం. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. మీ అమ్మాయి చూడాల్సింది వాళ్లు నవ్వడం కాదు, మీరు కదలకుండా నిలబడడం.

మీ ఊళ్లో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు పక్క కొండల్లో ఉండే సవరల భాష పట్టుబట్టి నేర్చుకున్నారు. నేర్చుకోవడానికి పుస్తకాలే లేని రోజుల్లో నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలో చదువు చెప్పే ఏర్పాటు చేశారు. ఎవరి పిల్లల కోసమో ఆయన అంత చేశారు. మీ సొంత పిల్ల చదువుతున్న అక్షరాలు నేర్చుకోవడానికి మీకు వయసు మీరిపోలేదు. ఇంట్లోనే టీచరు ఉంది.

ఈ రాత్రి పనులన్నీ అయ్యాక అమ్మాయిని పిలిచి మెడల్‌తో పాటు ఇచ్చిన సర్టిఫికెట్ తెమ్మనండి. ‘ఇందులో ఏం రాశారో చదివి చెప్పు’ అనండి. ఒక్కో లైనూ చదివిస్తూ వేలు పెట్టి చూపించమనండి, తన పేరు ఎక్కడుందో అడగండి. మౌసీ ఊసు ఎత్తకండి. ‘నాకు చెప్పలేదు కదా’ అన్న దెప్పుడు వద్దు, అది మీ నోటి చివర దాకా వస్తుందని నాకు తెలుసు, మింగేయండి. తర్వాత ఆ సైన్స్ మోడల్ ఏమిటో అడగండి. అది జిల్లా దాకా వెళ్లిందంటే ఇన్‌స్పైర్ మానక్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కిందదై ఉండొచ్చు. ఆరో తరగతి, ఆ పై తరగతుల పిల్లలు సొంత ఆలోచన రాసి పంపితే, అందులో ఎంచి, మోడల్ చేసుకోవడానికి 10,000 రూపాయలు పిల్లల పేరు మీదే బ్యాంకులో వేస్తారు. పిల్ల పాసుబుక్కు ఒకసారి తీసి చూసుకోండి. పిల్ల ఆ మోడల్ గురించి చెప్పేటప్పుడు పొయ్యి మీద పాలకేసి చూడకండి, టీవీ పెట్టకండి. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి. పిల్ల విసుక్కుంటుంది, ఫరవాలేదు. రెండోసారి చెప్పేటప్పుడు గొంతు మారుతుంది.

ఒకరోజు వదిలి ఒకరోజు మీరు తెలుగు చదివించండి. మీ పుట్టింటి నుంచి పిల్లల పుస్తకాలు తెప్పించుకోండి, లేదా దినపత్రిక చాలు. పిల్లకి తెలుగు సరిగ్గా రాలేదని ఆ స్కూల్ మీద పడ్డారు గానీ, తల్లి భాష తల్లే నేర్పాలి. విశాఖలో హాస్టల్ వార్డెన్‌కి ఆ తీరిక ఉంటుందనుకుంటున్నారా?

ఇక ఆవిడ. మీకు అసూయగా ఉంది, ఉంటుంది, దాచుకోవాల్సిన పనేం లేదు. కానీ కాస్త ఆలోచించండి. స్టేజీ మీద పేరు పిలిచారు, మీ పిల్ల ఒంటరిగా నిలబడింది, అప్పుడు కుర్చీలోంచి లేచి వచ్చిన మనిషి ఆవిడ. మీ పరువు నిలబెట్టింది. ఇంట్లో ఏదైనా పిండివంట చేసిన రోజు డబ్బాలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లండి, అమ్మాయిని వెంటబెట్టుకుని. పిల్ల మాట కలుపుతుంది, మీ ఇద్దరి మధ్యా అదే దుబాసీ. ఆవిడతో చనువు కుదిరితే మీకు ఆ బడి సగం తెలిసినట్టే.

బావగారికి ఫోన్ మీరే చేయండి, మీ ఆయన చేత చేయించకండి. ఆయన మంచి మనసుతోనే అన్నారు, ఆ మాట చెప్పండి. కానీ సగం ఖర్చు అనేది మన ఇళ్లలో ఎక్కడిదాకా పోతుందో మీకు తెలియనిది కాదు. రేపు పిల్ల ఏ కోర్సు తీసుకోవాలో, ఎల్లుండి ఏ సంబంధం చేయాలో ఆయన మాటే చెల్లాలంటారు, అప్పుడు మీరు నోరెత్తలేరు. ‘పదో తరగతి ఇక్కడే పూర్తి చేస్తుందండీ, ఆ తర్వాత పిల్లనే అడుగుదాం’ అనండి. పది పాసయ్యాక ప్లస్ టూకి మీ ఊళ్లోనే కృష్ణచంద్ర గజపతి పేరున కాలేజీ ఉంది. ఆ స్కాలర్‌షిప్ కొనసాగాలంటే పదిలో అరవై శాతం రావాలి, మీ పిల్లకి అదో లెక్క కాదు. అప్పటికి విశాఖే వెళ్తానని తనే అంటే పంపండి. తను కోరుకుని వెళ్లడం వేరు, మీరు కోపంతో పంపడం వేరు.

కొత్త తరగతి మొదలైన కొద్ది రోజులకే తల్లిదండ్రుల మీటింగ్ ఉంటుంది. హైస్కూల్లో తల్లిదండ్రులతో కమిటీ కూడా ఉంటుంది, అందులో ఎవరెవరున్నారో కనుక్కోండి. మీటింగ్ తేదీ అమ్మాయిని అడగకండి, ఈసారీ చెప్పకపోవచ్చు. ఈ వారంలోనే స్కూలుకి వెళ్లి హెడ్మాస్టర్‌గారినే అడిగి తెలుసుకుని రండి.