ఫాంట్ దగ్గర ఆట ఎందుకు కూలుతోంది?

ప్రశ్న: సీ ప్లస్ ప్లస్‌లో ఎస్‌డీఎల్2 అనే ఆటల లైబ్రరీతో ఆట రాస్తున్నాను. ఫాంట్ ఫైలును డేటా ప్యాక్‌లోంచి మెమరీలోకి చదివి, అక్కడి నుంచే తెరుస్తున్నాను. మొదటి తెర బాగానే వస్తుంది. స్కోరు మారినప్పుడో, కొత్త మెనూ తెరిచినప్పుడో ఆట ఉన్నట్టుండి మూసుకుపోతోంది. ఒక్కోసారి ఏమీ కాదు. ఫాంట్ పాడైందా?

జవాబు: ఈ లక్షణాలను బట్టి ఫాంట్ మంచిదే. దాని బైట్లున్న మెమరీ భాగాన్ని, అంటే బఫర్‌ను ముందే వదిలేస్తున్నారు. లోడ్ చేసే ఫంక్షన్లో లోకల్ వెక్టర్ (ఫంక్షన్ ముగియగానే చెరిగిపోయే బైట్ల జాబితా) పెట్టారేమో చూడండి. ఎస్‌డీఎల్ ఆర్‌డబ్ల్యూ ఫ్రమ్ కాన్స్ట్ మెమ్ అనే ఫంక్షన్ ఆ బైట్లను కాపీ చేసుకోదు, చిరునామా గుర్తుపెట్టుకుంటుందంతే. ఫాంట్‌ను చదివే లైబ్రరీ ఫ్రీటైప్ కూడా అక్షరాలన్నీ ఒకేసారి చదవదు. ఏ అక్షరం కావాలంటే అప్పుడు దాని కోసం వెళ్తుంది. ఒకసారి గీసింది క్యాష్‌లో ఉంటుంది కాబట్టి పాత అంకెలు వస్తాయి, కొత్త అంకె దగ్గర వదిలేసిన మెమరీని తాకుతుంది. అక్కడ పాత బైట్లు ఇంకా చెరగకపోతే ఆట నడుస్తుంది. అందుకే ఈ తప్పు ఇంతగా ఏడిపిస్తుంది.

టీటీఎఫ్ ఓపెన్‌ఫాంట్ ఆర్‌డబ్ల్యూ అనే, ఫాంట్ తెరిచే ఫంక్షన్‌కు రెండో ఆర్గ్యుమెంటుగా 1 ఇస్తే సరిపోతుందనుకోకండి. ఫాంట్ మూసినప్పుడు, బైట్లు చదివి ఇచ్చే ఆర్‌డబ్ల్యూఆప్స్ మాత్రమే మూతపడుతుంది, బఫర్ బాధ్యత మీదే. వెక్టర్‌ను ఫాంట్ పాయింటర్‌తో పాటు ఒకే క్లాసులో సభ్యుడిగా ఉంచండి. ముందు ఫాంట్ మూయండి, తర్వాత బఫర్ వదలండి, ఆపైన టీటీఎఫ్ క్విట్, చివర ఎస్‌డీఎల్ క్విట్. ఫాంట్‌ను గ్లోబల్ ఆబ్జెక్టులో పెడితే దాని డిస్ట్రక్టర్ (ఆబ్జెక్టును తీసేసే కోడ్) మెయిన్ ముగిశాక నడుస్తుంది. అప్పటికే టీటీఎఫ్ క్విట్ అయిపోయి ఉంటుంది కనుక ఆట మూసేటప్పుడు కూలవచ్చు.

రుజువు కావాలంటే జీసీసీలో గానీ క్లాంగ్‌లో గానీ, మెమరీ తప్పులు పట్టే అడ్రెస్ శానిటైజర్‌తో, డీబగ్ సమాచారంతో కంపైల్ చేయండి. మెమరీని ఎక్కడ వదిలారో, ఎక్కడ మళ్లీ చదివారో కోడ్ లైన్ల నంబర్లతో చూపిస్తుంది. ఊహించి కోడ్ మార్చేకన్నా ముందు ఇది చేయడమే మేలు.

ఇంకొకటి: ఖాళీ వాక్యాన్ని గీయమంటే, అక్షరాలు గీసే ఎస్‌డీఎల్ టీటీఎఫ్ నల్ (ఏమీ లేని పాయింటర్) ఇస్తుంది. పేరు రాసే పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు సర్ఫేస్ (గీసిన బొమ్మ) వెడల్పు అడిగితే అక్కడా కూలుతుంది. నల్ తనిఖీ తప్పనిసరి.

ప్రశ్న: పైథాన్‌లో ఆటలు రాసే లైబ్రరీ పైగేమ్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి.

జవాబు: పైగేమ్ 2.2.0 లేదా ఆ తర్వాతిది, ఒత్తులను కలిపి పేర్చే హార్ఫ్‌బజ్‌తో తయారైన ఎస్‌డీఎల్ టీటీఎఫ్ 2.20 లేదా ఆ తర్వాతిది ఉండాలి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్‌ను ఫైలు నుంచి తెరిచి, దాని సెట్ స్క్రిప్ట్ ఫంక్షన్‌కు తెలుగు లిపి సంకేతం ఇవ్వండి: టీ, ఈ, ఎల్, యూ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, మొదటిది మాత్రమే పెద్దది. పైగేమ్‌తో వచ్చే ఫాంట్లో తెలుగు లేదు, గళ్లే కనిపిస్తాయి.